గూడబాతును చూచి వచ్చాము

మా ఇంట్లో జేజికి డెబ్బది ఆరేండ్లు. చదివింది ఐదవ తరగతే అయినా, కీర్తనల గ్రంథంలో సగానికి పైగా ఆమెకు నోటికి వచ్చును. నూట రెండవ కీర్తన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె ఒకచోట ఆగేది. శ్రమలో ఉన్న ఒక మనిషి తన ఒంటరితనాన్ని గూడబాతుతో పోల్చుకొనే చోటు అది. "గూడబాతంటే ఎట్లుంటాది నాయనా? బాతంటే నీళ్లలో గదా ఉండేది, అడవిలో దానికేం పని?" అని మమ్మల్ని అడిగేది. మాకూ తెలియదు. మైలవరం జలాశయం గట్టున నీటికాకులను, తెల్లకొంగలను చూపించి, అట్లాంటిదే ఇంకొక పక్షి అయి ఉంటుందని చెప్పి తప్పించుకొనేవాళ్లము.

మొన్న డిసెంబరులో ఆమె రెండవ కంటికి కూడా శుక్లం తీయించాము. కట్టు విప్పిన వారానికి గోడ మీది క్యాలెండరులో తేదీలు తానే చదివింది. తాతగారు పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలలో ఆమె నోరు తెరచి ఫలానాది కావాలని అడిగింది లేదు. ఆ రోజు అడిగింది: "ఈ కండ్లతో ఆ గూడబాతును ఒక తూరి చూపిస్తారా?"

గూడబాతులు మన రాష్ట్రంలోనే గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతాయి. ఆ సంగతి మాకు అప్పటికే తెలుసు. అయినా జేజితో అనడానికి కొంచెం జంకాము. కారణం ఏమంటే, కొన్నేండ్ల క్రితం వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకొని పులికాటు సరస్సుకు పోయి, బాగా భంగపడి వచ్చాము. మే నెల. మేము పోయిన ఉత్తరపు భాగంలో సరస్సు అన్నచోట సరస్సు లేదు. కనుచూపు మేర పగుళ్లు విచ్చిన నేల, దాని మీద తెల్లగా ఉప్పు పొర. పక్షి అన్నది ఒక్కటి లేదు. పెద్దవాడు "నాయనా, ఇది మన ముద్దనూరు పక్క చేనుమాదిరే ఉందే" అన్నాడు. తప్పెవరిది? ఎవరినీ అడగకుండా, పుస్తకం తిరగేయకుండా బయలుదేరిన మాది. వలస పక్షులు అక్టోబరు చివర ఈశాన్య ఋతుపవనాల వానలతో వస్తాయి, మార్చి దాటితే ఎండలకు సరస్సు కుంగిపోతుంది, అవీ వెళ్లిపోతాయి. డిసెంబరు, జనవరి నెలలు చూడడానికి మంచివి. మీలో ఎవరైనా వెళ్లదలచితే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మా డబ్బు మీకు మిగులుతుంది.

సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో, ఒక గురువారం రాత్రి పదకొండు గంటలకు బయలుదేరాము. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట. ఇంచుమించు మూడు వందల కిలోమీటర్లు. జేజి కోసం వ్యాను వెనుక సీటు మీద బొంత పరిచాము గాని ఆమె పండుకుంటే గదా! కోడూరు దాకా కిటికీ దగ్గరే కూర్చొని చీకటిని చూస్తూ వచ్చింది. కండ్లు వచ్చినవాళ్లకు చీకటి కూడా చూడదగ్గదే కాబోలు.

నాయుడుపేట నుండి చెన్నై దారిలో దక్షిణానికి వస్తే దొరవారిసత్రం. దానికి దగ్గరలో రహదారి నుండి కాస్త లోపలికి నేలపట్టు గ్రామం. ఇదంతా పాత నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు తిరుపతి జిల్లాలో చేరింది. ఊరి చెరువునూ దాని చుట్టూ ఉన్న చిట్టడవినీ కలిపి 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 459 హెక్టార్లు మాత్రమే. మన మైలవరం జలాశయం ముందర అది ఒక కుంట అనిపిస్తుంది. అయినా 180కి పైగా పక్షి జాతులను అక్కడ గుర్తించారు.

టికెట్టు తీసుకొని లోపలికి నడిచేసరికి తెల్లవారి ఆరున్నర. ముందు మా ముక్కుకు తెలిసింది, తరువాత చెవులకు, ఆ తరువాతే కండ్లకు. చేపల కంపు, సున్నపు వాసన కలిసిన గాలి. అడవిలో ఎవరో వెదురు బొంగులు ఒకదానితో ఒకటి కొడుతున్నట్టు టకటకమని చప్పుడు. చెరువు గట్టు ఎక్కాము. నీళ్లలో మొలకు మించి మునిగి నిలబడిన చెట్లు, చెట్టు చెట్టుకూ గూళ్లు, గూటి గూటికీ పక్షులు. కొమ్మలన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి.

ఆ చెట్ల పేరు విని మేము నవ్వుకున్నాము. వాటిని అక్కడివాళ్లు కడప చెట్లంటారట! కడప నుండి వచ్చినవాళ్లము గనుక మాకు చుట్టాలే. ఏడాదిలో నాలుగైదు నెలలు నీళ్లలో నిలబడినా కుళ్లని జాతి అది. చుట్టూ నీళ్లు ఉన్నంతకాలం పిల్లులు, నక్కలు, కొమ్మలెక్కే పిల్లకాయలు గూళ్ల దగ్గరికి పోలేరు. పక్షులు ఆ చెట్లనే ఎందుకు ఎంచుకున్నాయో దానితో అర్థమవుతుంది. చెరువులో నీరు ముందుగా ఎండితే ఆ యేడు పిల్లలకు గండమే.

కావలి మనిషి ఒకాయన జేజిని చూచి, కావలి గోపురం మెట్లు ఆమె ఎక్కలేదని గ్రహించి, నిలువు కాళ్ల మీద పెట్టిన దూరదర్శిని గొట్టాన్ని గట్టు మీదికే తెచ్చి పెట్టాడు. ఆమె ఎత్తుకు సరిగా దించి, "ఈ కంటితో చూడమ్మా, ఆ కన్ను మూసుకో" అన్నాడు. జేజి రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకొని వంగింది. చాలాసేపు పలకలేదు. మాకు భయం వేసింది, కనబడలేదేమో అని.

"అబ్బ! ఇంత పెద్దదా!" అన్నది చివరికి.

ఇంత పెద్దదే. గూడబాతు అయిదారు కిలోల దాకా తూగుతుంది. బూడిద కలిసిన తెలుపు ఒళ్లు, పొట్టి కాళ్లు, జానెడున్నరకు తగ్గని ముక్కు. ముక్కు పై దవడ మీద వరుసగా నల్లని చుక్కలు. కింది దవడకు వేలాడే తోలు సంచి. ఆ సంచిలో చేపలు దాచుకొని మోసుకుపోతుందని మనమంతా అనుకుంటాము. అది నిజం కాదట. అది వల వంటిది. నీళ్లతో సహా చేపను అందులోకి తోడి, తల వంచి నీటిని కార్చేసి, చేపను మింగేస్తుంది. గూటికి వచ్చాక గొంతులో నుండి పిల్లలకు పెడుతుంది. మేము చూస్తుండగానే ఒక పిల్ల తల్లి నోట్లో తల పెట్టి, మెడ దాకా లోపలికి దూరింది. చిన్నది కెవ్వుమని "జేజీ, మింగేస్తాంది!" అని అరిచింది. కావలి మనిషి నోటి మీద వేలు పెట్టుకొని చూపించాడు. మనుషుల అరుపులకు తల్లి పక్షులు ఒక్కసారిగా లేస్తే గుడ్లు, చిన్న పిల్లలు గూటిలో నుండి నీళ్లలో పడిపోతాయని ఆయన మెల్లగా చెప్పాడు. ఆ తరువాత మా పిల్లలు రెండు గంటల సేపు గుసగుసలాడడం తప్ప మాట్లాడలేదు. ఇంటి దగ్గర ఇది సాధ్యమైన పని కాదు.

గూడబాతులు మూడు నాలుగు గుడ్లు పెడతాయి. నెల రోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి ఇంకా మూడు నెలలకు పైగా పడుతుంది. పెద్ద పక్షులు మేతకు పులికాటు సరస్సు దాకా పోయి వస్తాయి. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి మీద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కడి నుండి జారుడుబండ మీద జారినట్టు సరస్సు వైపు సాగిపోతాయి. తొమ్మిదిన్నరకు మేము ఆ దృశ్యం చూచాము. అంత బరువైన పక్షి అంత తేలికగా ఎట్లా పోతుందో!

వాటితో బాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, చింతవక్కలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు అవే చెట్లమీద కాపురం ఉన్నాయి. వెదురు చప్పుడు చేసింది నత్తగుల్ల కొంగలే. నేలపట్టు రైతులు వీటిని తరిమివేయకపోవడానికి దయ ఒక్కటే కారణం కాదు. రెట్టలు కలిసిన చెరువు నీరు వరి మడికి ఎరువుతో సమానం. పక్షి బ్రతికితే పంట బాగుంటుందని వాళ్ల తాతల కాలం నుండి తెలుసు.

గట్టు మీద సిమెంటు బల్ల మీద కూర్చొని తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి తింటూ జేజి అన్న మాట మాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఒంటరి పక్షి అనుకుంటినే ఇన్నేండ్లూ! ఇది చూస్తే ప్రొద్దుటూరు సంతమాదిరి ఉండాదే!"

నిజమే. గూడబాతంత సంఘజీవి అరుదు. గుంపుగా గూడు కడుతుంది, గుంపుగా ఎగురుతుంది. ఇంటికి వచ్చాక ఈ సంగతి మేము వెదికి చూచాము. మూలభాషలో ఆ కీర్తనలో ఉన్న మాట ఏ పక్షిని గురించినదో పండితులకే నిశ్చయం లేదు. కొన్ని అనువాదాలలో గూడబాతు ఉంటే, కొన్నింటిలో గుడ్లగూబ జాతి ఉన్నది. జేజి సందేహం అయిదవ తరగతి సందేహమేమీ కాదన్నమాట.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. యూరపులోని పాత దేవాలయాలలో, బలిపీఠాల మీద గూడబాతు బొమ్మ చెక్కి ఉంటుంది. తల్లి తన రొమ్మును తానే ముక్కుతో పొడుచుకొని ఆ రక్తంతో పిల్లలను బ్రదికిస్తుందని ఆనాటివారు నమ్మి, దానిని క్రీస్తు త్యాగానికి గుర్తుగా వాడారు. నిజానికి ఏ గూడబాతూ అట్లా చేయదు. సంచిని రొమ్ముకు అదిమి పట్టి మేత కక్కుతుంది, అంతే. అయితే ఈ కథకు మూలం వేరే పక్షి అయి ఉండవచ్చునని కొందరు ఊహించారు. ఆ పక్షిని మేము మరునాడు చూచాము.

రాత్రి సూళ్లూరుపేటలో బస. తెల్లవారి అయిదున్నరకే శ్రీహరికోట దారి పట్టాము. పులికాటు మన దేశంలో చిలుక సరస్సు తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. నీరు నిండినప్పుడు సుమారు 450 చదరపు కిలోమీటర్లు, తగ్గినప్పుడు 250. లోతు చాలా చోట్ల నిలబడిన మనిషి నడుముకు మించదు. ఎక్కువ భాగం మన రాష్ట్రానిది, దక్షిణపు కొన తమిళనాడుది. మన వైపు 1976లోనూ, వాళ్ల వైపు 1980లోనూ పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఈ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ అడ్డుగోడలా పడుకున్న పొడుగాటి ఇసుక దీవే శ్రీహరికోట. అలలు, గాలి కలిసి వేల సంవత్సరాలుగా పేర్చిన ఇసుక అది. ఆ దీవి లేకపోతే సరస్సు లేదు, సముద్రమే.

సూళ్లూరుపేట నుండి దీవికి పోయే రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. రెండు వైపులా నీళ్లు. అటకానితిప్ప దాటాక డ్రైవరు వ్యాను వేగం తగ్గించి "అదిగో సార్" అన్నాడు. దూరాన నీటి మీద గులాబీ రంగు గీత. పొద్దు పొడుపు వెలుగేమో అనుకున్నాము. ఆ గీత కదిలింది.

రాజహంసలని పిలుస్తారు గాని మన కథలలోని హంసలు కావు అవి. మనిషి రొమ్ము ఎత్తు దాకా కాళ్లు, మెడే. వందల కొద్దీ నిలబడి, తల తలకిందులు చేసి నీళ్లలో ముంచి, అడుగులు వేస్తూ బురదను వడగట్టుకుంటున్నాయి. నాలుక నీళ్లను లోపలికీ బయటికీ కొట్టే పంపు. ముక్కు అంచున ఉన్న దువ్వెన పళ్ల వంటివి జల్లెడ. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. నాచులో, చిన్న రొయ్య జాతి పురుగులలో ఉన్న రంగు పదార్థం తినగా తినగా ఈకలకు ఎక్కుతుంది. గుంపులో బూడిద రంగుగా ఉన్నవి పిల్లలని కావలి మనిషి ముందురోజే చెప్పి ఉన్నాడు. ఇవి మన దగ్గర గూడు కట్టవు. దేశంలో వీటి పెద్ద పుట్టినిల్లు గుజరాతులోని కచ్ రాన్. బురదతో దిబ్బ కట్టి ఒకే గుడ్డు పెడతాయి. పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే ఒక రకమైన పాలు పడతారు. ఆ పాలు రక్తంలాగా ఎర్రగా ఉంటాయి! గూడబాతు కథ దీనిని చూచి పుట్టిందేమో అని ఊహించినది అందుకే. జేజికి ఈ సంగతి ఇల్లు చేరాకే చెప్పగలిగాము.

ఆ పక్కనే తెడ్డు లేని చిన్న పడవను కర్రతో నెట్టుకుంటూ ఒక జాలరి గట్టుకు వచ్చాడు. బుట్టలో చూస్తే గుప్పెడు రొయ్యలు, నాలుగు చిన్న చేపలు. "రాత్రంతా ఇదేనా అన్నా?" అంటే నవ్వాడు. "ఏం చేసేది సార్, ముఖద్వారం పూడిపోతా ఉండాది. సముద్రం నీళ్లు లోపలికొస్తే గదా చేప వచ్చేది. పక్షికీ అదే కూడు, మాకూ అదే కూడు."

సరస్సు బ్రతుకు అంతా ఆ ముఖద్వారాల మీద ఉన్నది. సముద్రపు పోటు నీరు, దానితో బాటు రొయ్య, చేప పిల్లలు లోపలికి వచ్చేది వాటి గుండానే. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒకటి, మన వైపు కొండూరుపాళెం, రాయదొరువు దగ్గర ఉన్నవి. ఉత్తరపు ద్వారాలు ఇసుకతో మేటవేస్తున్నాయి. పైనుండి కాళంగి, ఆరణి నదులు తెచ్చే మంచినీరు వాన ఉన్ననాళ్లే. ఉప్పునీరు తక్కువై, మంచినీరు తక్కువై, ఎండలకు ఉత్తర భాగం మేము మే నెలలో చూచిన పగుళ్ల నేల అవుతుంది. మేము నిలబడి పక్షులను చూచి మురిసిన ఆ రోడ్డు కూడా సరస్సును రెండు ముక్కలు చేసి, నీటి రాకపోకలను అడ్డుకుంటుందని చాలాకాలంగా విమర్శ ఉన్నది. అది మాకు ఆ క్షణంలో కొంచెం ఇబ్బందిగా తోచింది. రోడ్డు లేకపోతే మేము రాలేము, జేజి చూడలేదు. ఇసుక తీయించి ద్వారాలు తెరవాలని జాలరుల కోరిక. ఒకసారి తీస్తే చాలదు, సముద్రం మళ్లీ పూడుస్తుంది గనుక అది ఏటేటా ఖర్చు. పక్షుల పండుగను, 2025 జనవరిలో చేసినట్టు, మూడు రోజులు ఘనంగా జరుపుకోవడం మంచిదే. ఆ ఉత్సాహంలో కొంత ఇసుక తవ్వడానికి మిగిలితే ఇంకా మంచిది.

రోడ్డు చివర శ్రీహరికోట గేటు. అక్కడితో మన దారి ఆఖరు. ఆ దీవిని 1969లో రాకెట్ల కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 2002లో సతీష్ ధవన్ పేరు పెట్టారు. ఇక్కడే ఎందుకని పెద్దవాడు అడిగాడు. భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతుంది గనుక తూర్పుకు వదిలిన రాకెట్టుకు ఆ విసురు ఉచితంగా కలిసి వస్తుంది. పొరపాటున కూలినా కింద సముద్రమే. 2019 నుండి ముందుగా పేరు నమోదు చేసుకున్న సామాన్యులు ప్రయోగాన్ని చూచేందుకు వీలు కల్పించారు గాని, అడవిలో తిరగనివ్వరు.

తిరగనివ్వకపోవడమే అక్కడి ప్రాణులకు మేలయింది. అమెరికాలో ఫ్లోరిడా తీరాన కెనెడీ అంతరిక్ష కేంద్రం ఉన్న మెరిట్ దీవిలోనూ ఇంతే. అక్కడ 1963లోనే రాకెట్ల స్థలాన్నే వన్యప్రాణుల ఆశ్రయంగా కూడా ప్రకటించారు. శ్రీహరికోటలో ఊళ్లు ఖాళీ చేసినప్పుడు మిగిలిపోయిన పశువుల సంతతి అడవి మందలుగా మారి మనిషిని చూస్తే పారిపోతాయట. కాని ఆ అడవి ఎవరూ లేని అడవి కాదు. తరతరాలుగా యానాదులు అక్కడ తేనె, దుంపలు, మూలికలు ఏరుకొని బ్రతికారు. వారి వంట చెరకే బకింగ్‌హామ్ కాలువ పడవల మీద మద్రాసు పొయ్యిలకు పోయింది. మన కడప సీమ ధాత కరువులో మాడిపోయినప్పుడు, 1876 నుండి 1878 వరకు, ఆ కాలువలో కొంత భాగాన్ని కరువు పనిగా కూలీలచేత తవ్వించారు. రాకెట్ల కోసం దీవిని తీసుకున్నప్పుడు యానాదులలో చాలామంది చెదిరిపోయారు. గేటు దగ్గర నిలబడి చూచినప్పుడు కనబడేది చెట్ల వరుస మాత్రమే.

మీరు వెళితే మెత్తని రంగు బట్టలు వేసుకోండి, ఎర్ర చొక్కాలు వద్దు. దూరదర్శిని ఉంటే తీసుకుపొండి. నేలపట్టుకు తెల్లవారుజామున గాని, సాయంకాలం నాలుగు దాటాక గాని పొండి. ఒక రోజులో రెండూ చూడాలని ఆత్రపడవద్దు. ముసలివారుంటే మడత కుర్చీ ఒకటి వ్యానులో వేసుకోవడం మరచిపోకండి, మేము మరచిపోయాము.

తిరుగు దారిలో దొరవారిసత్రం దగ్గర జేజి వ్యాను ఆపమన్నది. నేలపట్టు మళ్లీ పోదామని కాదు. ఆకాశంలో ఏడు గూడబాతులు వరుసగా, మెడలు మడిచి, సరస్సు వైపు పోతున్నాయి. అవి కనుమరుగయ్యే దాకా రోడ్డు పక్కన కొంగు నెత్తిన వేసుకొని నిలబడింది. "పిల్లలు ఎప్పటికి ఎగురుతాయన్నాడు ఆయప్ప?" అని అడిగింది. మార్చికో, ఏప్రిల్‌కో అన్నాము. "అప్పటిదాకా చెరువులో నీళ్లుండల్ల గదా" అన్నది.

ఆదివారం ఉదయం ఆరాధనకు బయలుదేరే ముందు ఆమె బైబిలు తీసి ఇస్తూ చూచాము. నూట రెండవ కీర్తన పక్కన అంచున పెన్సిలుతో వంకర అక్షరాలు: మేము పోయిన రోజు తేదీ, దాని కింద 'నేలపట్టు', ఆ కింద 'చానా ఉండాయి'.